పెరిగిందా? పెంచారా?

*ఇంగ్లీషులో పైకి పోయే మాటలు తెలుగువారి రాతలో ఎక్కడ జారుతున్నాయి, ఎందుకు జారుతున్నాయి*

ఎగువన వానలు ముదిరే జూలై, ఆగస్టు నెలల్లో భద్రాచలం స్నానఘట్టాల మెట్లు ఒక్కొక్కటే గోదావరిలో మునిగిపోతుంటాయి; కరకట్ట మీద జనం గుమిగూడి నీటిమట్టం గీతల వైపు చూస్తుంటారు; కార్యాలయాల నుంచి గంటగంటకూ మట్టం ఎంతకు చేరిందో తెలిపే సందేశాలు, చాలావరకు ఇంగ్లీషులోనే, వెలువడుతుంటాయి. మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నది 75.6 అడుగులకు చేరగా, 2022 జూలైలో 71.3 అడుగుల దాకా వచ్చింది. ఇటువంటి వేళ ‘రోజ్ టు 48 ఫీట్’ అని ఉండవలసిన చోట ‘రోజ్ బై 48 ఫీట్’ అని పడితే, మట్టం 48 అడుగులకు చేరిందన్న సమాచారం కాస్తా, ఉన్న మట్టం మీద మరో 48 అడుగులు పెరిగిందన్న అసంభవమైన కబురుగా మారిపోతుంది.

పైకి పోవడాన్ని తెలిపే ఇంగ్లీషు మాటలు చూడటానికి చిన్నవే అయినా, వాటిలో ప్రతి ఒక్కటీ మూడు సంగతులను లోపల దాచుకొని ఉంటుంది: పైకి పోయినది దానంతటదే పోయిందా లేక ఎవరైనా పంపారా అన్నది మొదటిది, ఎక్కడి నుంచి ఎక్కడికి పోయింది అన్నది రెండోది, ఏ వేగంతో పోయింది అన్నది మూడోది. తెలుగు మాట్లాడేవారు ఇంగ్లీషులో చేసే పొరపాట్లలో చెప్పుకోదగిన భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గర జరుగుతోంది. విశేషమేమిటంటే, ఈ మూడు తేడాలలో మొదటి రెంటినీ తెలుగు వ్యాకరణం ఇంగ్లీషు కంటే స్పష్టంగా పాటిస్తుంది. కాబట్టి పొరపాటుకు మందు తెలుగువారి నాలుక మీదనే ఉంది.

చర్చ ఒకచోట, చిక్కు మరొకచోట

ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ఉండాలా వద్దా అన్న చర్చ తెలుగునాట ఏళ్ల తరబడి వేడిగా సాగుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఆ మాధ్యమాన్ని ప్రవేశపెట్టాలని ఉత్తర్వులిచ్చింది, వాటిని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022–23 విద్యాసంవత్సరం నుంచి తన పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. మాధ్యమం గురించి ఇంత మాట్లాడుకుంటున్నా, ఆ మాధ్యమంలో చదివిన పిల్లవాడు ఒక ధర పెరిగిందని తప్పులేకుండా రెండు వాక్యాలు రాయగలుగుతున్నాడా లేదా అన్న ప్రశ్న మాత్రం చర్చలోకి అరుదుగా వస్తోంది.

ఆ ప్రశ్నను సూటిగా వేసేవి విదేశీ విద్యకు వెళ్లేవారు రాసే పరీక్షలు. హైదరాబాదు అమీర్‌పేట నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా వెలసిన శిక్షణ కేంద్రాలలో వేలమంది సాధన చేసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో, అకడమిక్ విభాగం తీసుకున్నవారికి రచనలో ఇచ్చే మొదటి ప్రశ్న తరచుగా ఒక గ్రాఫ్ గానీ, పట్టిక గానీ అయి ఉంటుంది. అందులో కనిపించే హెచ్చుతగ్గులను కనీసం 150 పదాలలో వర్ణించాలి. అంటే పరీక్షలో సగటు అభ్యర్థి చేయవలసిన మొదటి రచనే, చాలాసార్లు, ఏదో పైకి పోయిందనో కిందికి వచ్చిందనో చెప్పడం. పదసంపదకు, వ్యాకరణ శుద్ధికి విడివిడిగా మార్కులు వేసే ఆ పరీక్షలో ఒకే క్రియను తప్పుగా వాడితే రెండు చోట్లా దెబ్బ తగులుతుంది.

‘రైజ్’ ఒకటి కాదు, రెండు

ఇంగ్లీషులో దానంతటది లేవడానికి ‘రైజ్’ అని, మరొకరు లేపడానికి ‘రెయిజ్’ అని రెండు వేరువేరు క్రియలు ఉన్నాయి. మొదటిది అకర్మక క్రియ, అనగా కర్మ అవసరం లేనిది. సూర్యుడు, ధర, నీటిమట్టం, పొగ వంటివి దీనికి కర్తలవుతాయి, భూతకాలంలో ఇది ‘రోజ్’ అని, మూడో రూపంలో ‘రిజన్’ అని మారుతుంది. రెండోది సకర్మక క్రియ, అనగా దేన్ని అన్న ప్రశ్నకు జవాబు లేకుండా నిలవలేనిది. ఇది ‘రెయిజ్డ్’ అని ఒకే తీరున నడుస్తుంది. బ్యాంకు వడ్డీని, సర్కారు పన్నును, విద్యార్థి చేతిని, సభ్యుడు ప్రశ్నను పైకెత్తినప్పుడు వాడవలసినది ఈ రెండోదే.

ఈ రెంటిలో మొదటిది ఇంగ్లీషు పుట్టుమాట కాగా, రెండోది మధ్యయుగంలో ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియా వలసదారుల భాష అయిన పాత నార్స్ నుంచి వచ్చింది. దానికి ఇంగ్లీషులోనే సొంత జోడీగా ‘రియర్’ అనే క్రియ ఉండేది, అది ఇప్పటికీ పశువుల పెంపకం, పిల్లల పెంపకం వంటి చోట్ల కనిపిస్తుంది. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ దాని పూర్వభాషల్లోనూ, క్రియలో అచ్చును మార్చి ‘చేయించు’ అన్న అర్థం తెచ్చే పద్ధతి సజీవంగా ఉండేది. కూర్చోవడానికి ‘సిట్’, కూర్చోబెట్టడానికి ‘సెట్’. పడుకోవడానికి ‘లై’, పడుకోబెట్టడానికి ‘లే’. పడిపోవడానికి ‘ఫాల్’, చెట్టును పడగొట్టడానికి ‘ఫెల్’ అన్న జంటలు ఆ పద్ధతికి మిగిలిన ఆనవాళ్లు. పద్ధతి చచ్చిపోయి జంటలు మాత్రమే మిగలడం వల్ల, ఇంగ్లీషువారి పిల్లలు సైతం వీటిని ఒక్కొక్కటిగా బట్టీపట్టవలసి వస్తోంది.

తెలుగులో ఆ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. పెరుగు–పెంచు, లేచు–లేపు, దిగు–దించు, ఎక్కు–ఎక్కించు, మరుగు–మరిగించు వంటి జంటలను బడికి పోని ముసలమ్మ కూడా పొరపడకుండా వాడుతుంది. వ్యాకరణం వీటిలో రెండోదాన్ని ప్రేరణార్థకం అంటుంది, అనగా ఒకరు మరొకరి చేత లేదా మరొకదాని చేత పని జరిపించడం. ‘ధర పెరిగింది’ అని చెప్పే నోరు ‘ధర పెంచింది’ అనదు. ‘సర్కారు పన్ను పెరిగింది’ అని ఆరోపణ చేసేవారూ ఉండరు. పెరిగింది అనదగిన చోట ‘రోజ్’ అని, పెంచారు అనదగిన చోట ‘రెయిజ్డ్’ అని రాయడమే సూత్రం. సమస్య తలెత్తితే ‘అరైజ్’, సమస్యను లేవనెత్తితే ‘రెయిజ్’ అన్న తేడా కూడా ఈ సూత్రంతోనే తేలిపోతుంది.

మరి తికమక ఎక్కడిది?

ఇంత స్పష్టమైన తేడా ఉన్న భాష మాట్లాడేవారు ఇంగ్లీషులో తడబడటానికి కారణం, ఇంగ్లీషు మాటను తెలుగు వాక్యంలోకి దించుకునే తీరులో ఉంది. తెలుగు ఇంగ్లీషు పదాన్ని తీసుకున్నప్పుడు చాలావరకు దానికి ‘అవు’ లేదా ‘చేయు’ అన్న తోక తగిలించి క్రియగా మార్చుకుంటుంది. ఇబ్బంది రైజ్ అయింది, టికెట్ రైజ్ చేశారు, బిల్లు రైజ్ చేయండి, ఫండ్స్ రైజ్ చేస్తున్నారు అంటూ ఆఫీసుల్లో రోజూ వినబడే మాటల్లో ఎవరైనా చేశారా, దానంతటదే అయిందా అన్న సంగతిని తోక మోస్తుంది గనుక, అసలు పదం ‘రైజ్’ అయినా ‘రెయిజ్’ అయినా వినేవారికి తేడా తెలియదు. ఈ విధంగా ఇంగ్లీషులోని రెండు క్రియలు తెలుగు నోట ఒక్కటైపోతాయి. అదే వ్యక్తి కాగితం మీద ఇంగ్లీషు రాయడానికి కూర్చున్నప్పుడు తోకలు ఊడిపోయి, చేతిలో ఒక్క పదమే మిగులుతుంది. ‘ది కంపెనీ రోజ్ ది శాలరీస్’ అన్న వాక్యం గానీ, ‘ది ప్రైసెస్ హావ్ రెయిజ్డ్’ అన్న వాక్యం గానీ పుట్టేది ఆ క్షణంలోనే. ‘రైజ్డ్’ అన్న లేని రూపం కూడా ఇక్కడి నుంచే పుడుతుంది.

మనుషుల విషయంలో ఈ తికమక మరో రూపం ఎత్తుతుంది. ఉద్యోగ దరఖాస్తుల్లో, వీసా పత్రాలతో జతచేసే స్వీయ పరిచయాల్లో ‘ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ గుంటూరు’ అని రాసేవారు కనిపిస్తుంటారు; గుంటూరులో పెరిగినవారు ‘ఐ గ్రూ అప్’ అనాలి, గుంటూరులో అమ్మమ్మ పెంచితే ‘ఐ వాజ్ బ్రాట్ అప్’ అనాలి, అమెరికా వాడుకలో ‘ఐ వాజ్ రెయిజ్డ్’ అన్నా చెల్లుతుంది. పెరిగాను, పెంచారు అన్న రెండు తెలుగు వాక్యాలను కలిపి ఒకే ఇంగ్లీషు వాక్యంలో కుక్కినందువల్ల వచ్చిన చిక్కు ఇది. రాసినవారి తెలివికి దీనితో సంబంధం లేకపోయినా, చదివే అధికారి మనసులో మొదటి అభిప్రాయం మాత్రం ఆ వాక్యం దగ్గరే ఏర్పడుతుంది.

జంటల గొడవ పడలేనివారికి ఇంగ్లీషే ఒక సులువు చూపింది. ‘ఇంక్రీజ్’ అన్న క్రియ రెండు వైపులా పనిచేస్తుంది: ధర ఇంక్రీజ్ కావచ్చు, వ్యాపారి ధరను ఇంక్రీజ్ చేయవచ్చు. అయితే ఇక్కడ కర్తను చూసుకోవాలి. పెరిగేది గ్రాఫ్ కాదు, గ్రాఫ్ చూపించే సంఖ్య. పెరిగేది విద్యార్థులు కాదు, విద్యార్థుల సంఖ్య. ‘ది గ్రాఫ్ ఈజ్ ఇంక్రీజింగ్’ అని రాస్తే కాగితం మీద గీసిన బొమ్మ పెద్దదవుతోందన్న అర్థం వస్తుంది.

■ బాక్స్: పెరిగిందా, పెంచారా — చేతిపట్టిక

- నీటిమట్టం పెరిగింది: రోజ్. గేట్లు ఎత్తారు: రెయిజ్డ్, లేదా లిఫ్టెడ్.
- ప్రశ్న తలెత్తింది: అరోజ్. ప్రశ్న లేవనెత్తారు: రెయిజ్డ్.
- జీతం పెరిగింది: రోజ్. జీతం పెంచారు: రెయిజ్డ్.
- ఆమె ఊళ్లో పెరిగింది: గ్రూ అప్. ఆమెను మేనత్త పెంచింది: బ్రాట్ అప్.
- జీతం పెంపును బ్రిటన్‌లో ‘పే రైజ్’ అంటారు, అమెరికాలో ‘రెయిజ్’ అంటారు. తెలుగునాట కంపెనీల్లో ‘హైక్’, ప్రభుత్వ కార్యాలయాల్లో ‘ఇంక్రిమెంట్’ వాడుకలో ఉన్నాయి.

‘ఆన్ ది రైజ్’ ఎక్కడ అతుకుతుంది?

పైకి పోవడాన్ని తెలిపే ఇంగ్లీషు పదబంధాల్లో పత్రికల శీర్షికలకు ఎక్కువగా ఎక్కేది ‘ఆన్ ది రైజ్’. వానాకాలం రాగానే డెంగీ కేసుల గురించి, వేసవి రాగానే వడదెబ్బల గురించి, ఏడాది పొడవునా సైబర్ మోసాల గురించి ఈ పదబంధం కనిపిస్తూనే ఉంటుంది. ఇందులో ‘రైజ్’ నామవాచకంగా నిలిచింది కాబట్టి దీన్ని ‘ఆన్ ది రెయిజ్’ అని మార్చకూడదు, మధ్యలోని ‘ది’ని వదిలి ‘ఆన్ రైజ్’ అని రాయకూడదు. శీర్షికలలో చోటు కోసం ‘ది’ని వదిలేసే అలవాటు ఇంగ్లీషు పత్రికలకు ఉన్నప్పటికీ, ఆ వెసులుబాటు వ్యాసంలోని మామూలు వాక్యానికి లేదు.

అర్థం విషయంలో దీనికి రెండు హద్దులు ఉన్నాయి. మొదటిది, కొంతకాలంగా సాగుతూ ఇంకా ఆగని పెరుగుదలకే ఇది తగుతుంది. ఆర్టీసీ చార్జీలు ఒకసారి పెంచి ఊరుకుంటే ఆ చార్జీలు ‘ఆన్ ది రైజ్’ అయినట్టు కాదు, ఏటేటా పెంచుకుంటూ పోతే అయినట్టు. రెండోది, ఇది ఒక స్థితిని చెబుతుందే గాని కొలతను చెప్పదు. అందువల్ల దీని వెనుక ‘టు 48 ఫీట్’ అనో ‘బై 10 పర్సెంట్’ అనో అంకె తగిలిస్తే వాక్యం కుంటుతుంది. అంకె చెప్పదలచినవారు ‘హావ్ రిజన్’ అని క్రియను తెచ్చుకోవాలి, ధోరణి చెప్పదలచినవారు ‘ఆన్ ది రైజ్’ దగ్గర ఆగాలి. దీనికి దాయాది అయిన ‘గివ్ రైజ్ టు’ అనేది పెరుగుదలను కాక పుట్టుకను తెలుపుతుంది: నిల్వ నీరు దోమలకు, దోమలు జ్వరాలకు, పుకార్లు గొడవలకు కారణమైనప్పుడు వాడే మాట అది. దాన్ని ‘గివ్ రెయిజ్ టు’ అని రాస్తే ఎవరికో జీతం పెంచినట్టు ధ్వనిస్తుంది.

ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంత మేర

భద్రాచలం ఉదాహరణలో చూసిన ‘టు’, ‘బై’ తేడాకు తెలుగులో విభక్తి ప్రత్యయాలు, వాటితో కలిసి నడిచే మాటలు సిద్ధంగా ఉన్నాయి. ‘నుంచి’ అన్న చోట ‘ఫ్రమ్’, ‘కు’ అన్న చోట ‘టు’, ‘మేర’ అన్న చోట ‘బై’ వేసుకుంటే లెక్క సరిపోతుంది: మట్టం 43 అడుగుల నుంచి 48 అడుగులకు, అనగా 5 అడుగుల మేర పెరిగింది. క్రియ స్థానంలో నామవాచకాన్ని వాడితే మాత్రం ‘ఫ్రమ్’, ‘టు’ అట్లాగే ఉన్నా, ‘బై’ ఉండదు. అప్పుడు పెరిగిన వస్తువు ముందు ‘ఇన్’ వస్తుంది, పెరిగిన కొలత ముందు ‘ఆఫ్’ వస్తుంది. ‘ఏ రైజ్ ఆఫ్ ఫైవ్ ఫీట్ ఇన్ ది వాటర్ లెవెల్’ అన్నది సరైన వరుస. తెలుగులో ‘నీటిమట్టం పెరుగుదల’ అంటే చాలు గనుక, ‘ఆఫ్’ ఒక్కటే వాడి ‘రైజ్ ఆఫ్ వాటర్ లెవెల్’ అని రాసే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని పూర్తి తప్పు అనలేకపోయినా, కొలత కూడా చెప్పవలసి వచ్చినప్పుడు అది వాక్యాన్ని ఇరుకున పెడుతుంది.

శాతం దగ్గర తెలుగు కూడా కాపాడదు

రెట్లు, శాతాల దగ్గరికి వచ్చేసరికి తెలుగు వాడుకలోనే సందిగ్ధం ఉన్నందువల్ల, ఇంగ్లీషులో రాసేవారు అక్కడ స్వభాషను నమ్ముకోలేరు. మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 20 రూపాయల నుంచి 60 రూపాయలకు చేరిందనుకుంటే, ధర మూడు రెట్లయింది, అనగా రెండు రెట్లు ఎక్కువైంది, శాతంలో చెబితే 200 శాతం పెరిగింది. అయినా ‘ధర మూడు రెట్లు పెరిగింది’, ‘300 శాతం పెరిగింది’ అన్న వాక్యాలు పత్రికలలో కూడా దొర్లుతుంటాయి. ఇంగ్లీషులో ‘త్రీ టైమ్స్ యాజ్ హై యాజ్’ అంటే సందేహం ఉండదు. ‘త్రీ టైమ్స్ మోర్ దాన్’ అంటే మూడు రెట్లా, నాలుగు రెట్లా అన్న వాదం పుడుతుంది. అంకెతో పాటు మొదటి ధర, చివరి ధర రెండూ ఇచ్చినవారి వాక్యాన్ని ఎవరూ వేరుగా చదవలేరు.

శాతాల్లోనే ఉన్న సంఖ్య పెరిగినప్పుడు చిక్కు రెండింతలవుతుంది. రిజర్వు బ్యాంకు రెపో రేటును, అనగా బ్యాంకులకు తాను స్వల్పకాలిక అప్పు ఇచ్చే వడ్డీ రేటును, 2022 మే నెలలో 4 శాతం నుంచి 4.40 శాతానికి పెంచి, ఆ తరువాత విడతలవారీగా 2023 ఫిబ్రవరి నాటికి 6.50 శాతానికి చేర్చింది. ఈ పెంపును 2.5 శాతం అంటే తప్పు, 2.5 శాతం పాయింట్లు అంటే ఒప్పు. పాత రేటుతో పోల్చి చెబితే అది 62.5 శాతం పెంపు. బ్యాంకుల భాషలో ఒక శాతం పాయింటును 100 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని బేసిస్ పాయింటు అంటారు గనుక, మొత్తం పెంపు 250 బేసిస్ పాయింట్లు. ఇంటి అప్పుకు నెలవారీ కిస్తీలు కట్టేవారికి ఈ తేడా వ్యాకరణ విషయం మాత్రమే కాదు. రేటు ‘2 శాతం పెరుగుతుంది’ అని ఉత్తరంలో చదివితే 8 శాతం రేటు 8.16 అవుతుందా, 10 అవుతుందా అన్నదాని మీద ఇంటి బడ్జెట్టు ఆధారపడి ఉంటుంది.

కొండెక్కడానికీ పాకడానికీ తేడా

పైకి పోయే వేగాన్ని బట్టి క్రియను మార్చే అలవాటు తెలుగు పత్రికలకు కొత్త కాదు. ధరలు కొండెక్కుతాయి, ఆకాశాన్నంటుతాయి, షేర్లు ఎగబాకుతాయి, దూసుకెళతాయి, కొన్నిసార్లు స్వల్పంగా పెరుగుతాయి. ఇంగ్లీషులోనూ నెమ్మదిగా కదిలే పెరుగుదలకు ‘ఎడ్జ్ అప్’, ‘ఇంచ్ అప్’, ‘క్రీప్ అప్’ అని, నిలకడగా సాగేదానికి ‘క్లైమ్’ అని, ఉధృతికి ‘సర్జ్’, ‘సోర్’ అని మెట్లు ఉన్నాయి. ‘స్పైక్’ అంటే నిటారుగా లేచి అంతే త్వరగా దిగిపోయేది, కాబట్టి లేచి అక్కడే నిలిచిన ధరకు అది చెల్లదు. ‘పీక్’ అంటే శిఖరం, దాన్ని చేరిన తరువాత పడిపోతుందన్న సూచన అందులోనే ఉంటుంది. పరీక్షలో ఎక్కువ మార్కుల ఆశతో 2 శాతం పెరుగుదలకు ‘స్కైరాకెట్’ అని రాసే విద్యార్థి పదసంపదను చూపించానని అనుకుంటాడు, గ్రాఫ్‌ను తప్పుగా చదివాడని పరీక్షకుడు అనుకుంటాడు. ‘ఎక్స్‌పొనెన్షియల్’ అన్న మాటది కూడా ఇదే కథ. ప్రతి విడతలోనూ ఒకే నిష్పత్తిలో హెచ్చవేతకు లోనయ్యే పెరుగుదలకు గణితం పెట్టిన పేరది, బాగా ఎక్కువ అన్నదానికి పర్యాయపదం కాదు.

అక్కరలేని ‘అప్’

భారతీయ ఇంగ్లీషులో తరచుగా కనిపించే ‘కోప్ అప్ విత్’ అన్న ప్రయోగంలో ‘అప్’కు పని లేదు, కష్టాన్ని తట్టుకోవడం ‘కోప్ విత్’ మాత్రమే. ‘కీప్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’ అన్న సరైన పదబంధాల పక్కన నిలబడి నిలబడి ఆ క్రియకు కూడా ‘అప్’ అంటుకుందని ఊహించవచ్చు. ‘అసెండ్ అప్’ అన్నప్పుడు పైకి అన్న అర్థం క్రియలోనే ఉన్నందువల్ల రెండోసారి చెప్పినట్టవుతుంది. తెలుగులో పైకెక్కు, పైకి లే, కిందికి దిగు అనడం సహజమే గనుక ఈ పునరుక్తి తెలుగువారి చెవికి తప్పుగా తోచదు.

అట్లని ‘అప్’ కనిపించిన ప్రతిచోటా కొట్టివేయడం కూడా పొరపాటే. ‘ప్రైసెస్ రోజ్ అప్’ అనడం పేలవమే గాని, తిరుగుబాటును చెప్పే ‘రైజ్ అప్’ చక్కని ఇంగ్లీషు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం జనం బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డారని రాయవలసి వస్తే ‘రోజ్ అప్ అగెనెస్ట్’ అన్నదే సరైన పదబంధం. ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’, ‘ఫిల్ అప్’ వంటి వాటిలో ‘అప్’ దిక్కును చెప్పకుండా, పని పూర్తిగా ముగిసిందని చెబుతుంది. తినేశాడు, వాడేశాడు, నింపేశాడు అన్నప్పుడు తెలుగులో ‘ఏయు’ చేసే పని అది. ఇటువంటి క్రియా–అవ్యయ కూటములకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరును తనకు సూచించినవారు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయన అందులో చెప్పారు.

■ బాక్స్: తెలుగింటి ‘అప్’లు

- బిల్డప్: లేని గొప్ప చూపించడం. ఇంగ్లీషులో క్రమంగా పోగుపడటం లేదా ముందస్తు ప్రచారం.
- గెటప్: సినిమా, నాటకాలలో వేషధారణ. ఇంగ్లీషులో కాస్త విచిత్రమైన వేషం అన్న ఛాయ ఉంటుంది.
- అప్ అండ్ డౌన్: రోజూ తెనాలి నుంచి విజయవాడకు ఉద్యోగానికి వెళ్లి రావడం. ఇంగ్లీషులో ఈ పనికి ‘కమ్యూట్’ అన్న క్రియ ఉంది. ‘డూయింగ్ అప్ అండ్ డౌన్’ అని రాస్తే పరదేశి పాఠకుడికి బోధపడదు.
- ఆన్ ది అప్ అండ్ అప్: బ్రిటన్‌లో నానాటికీ బాగుపడటం, అమెరికాలో నిజాయితీగా ఉండటం. అట్లాంటిక్‌కు ఇరువైపులా ఉన్న తెలుగువారు జాగ్రత్తపడవలసిన మాట.

దుకాణం బోర్డు మీద ‘అప్ టు’

ఆషాఢం వచ్చిందంటే బట్టల దుకాణాల ముందు ‘50 శాతం తగ్గింపు’ అని మూరెడేసి అంకెలు వేలాడుతుంటాయి, వాటి పైన ఎక్కడో ఒక మూల చీమ తలకాయంత ‘అప్ టు’ ఉంటుంది. ‘అప్ టు’ అంటే గరిష్ఠ పరిమితి. 50 శాతం దాకా అంటే 5 శాతం తగ్గించినా మాట తప్పినట్టు కాదు. దీనికి పూర్తిగా ఎదురైన పదబంధం ‘అప్‌వర్డ్స్ ఆఫ్’, అది కనిష్ఠ పరిమితిని చెబుతుంది. ‘అప్‌వర్డ్స్ ఆఫ్ 50’ అంటే 50కి పైబడి అని అర్థం. రెండింటిలోనూ ‘అప్’ ఉన్నందువల్ల రెంటినీ ‘సుమారు’ అన్న అర్థంలో వాడేవారు ఉన్నారు, అయితే టెండరు పత్రంలోనో అద్దె ఒప్పందంలోనో ఈ పొరపాటు జరిగితే పరిమితి తలకిందులవుతుంది. తెలుగులో ‘దాకా’, ‘పైచిలుకు’ అన్న మాటలను ఒకదాని చోట మరొకటి ఎవరూ వాడరు. ఆ రెంటినీ మనసులో పెట్టుకుంటే ఇంగ్లీషు పదబంధాలు కూడా చోటు మారవు.

కొనుగోలుదారును తప్పుదారి పట్టించే ప్రకటనలను వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నిషేధిస్తోంది. ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో విడుదల చేసిన మార్గదర్శకాలు, ప్రకటనలో చేసిన వాగ్దానానికి షరతు ఏదైనా ఉంటే అది వాగ్దానం ఉన్న భాషలోనే, అదే రకం అక్షరాలలో ఉండాలని చెబుతున్నాయి. ‘అప్ టు’ను చూడగలిగిన కళ్లు ఉన్నవారికే ఆ రక్షణ పూర్తిగా అందుతుంది.

ఏది తప్పు, ఏది మన ముద్ర?

భారతీయ ఇంగ్లీషులో కనిపించే ప్రతి తేడానూ తప్పుగా లెక్కించడం న్యాయం కాదు. బలహీనవర్గాల అభ్యున్నతిని చెప్పే ‘అప్‌లిఫ్ట్‌మెంట్’, రోడ్లనూ ఆస్పత్రులనూ మెరుగుపరచడాన్ని చెప్పే ‘అప్‌గ్రేడేషన్’ అన్న రూపాలు బ్రిటన్, అమెరికాలలో అరుదు, అక్కడ ‘అప్‌లిఫ్ట్’, ‘అప్‌గ్రేడ్’ సరిపోతాయి. ఇక్కడ మాత్రం ప్రభుత్వ ఉత్తర్వులలో, పథకాల పేర్లలో స్థిరపడి అందరికీ ఒకే అర్థాన్ని ఇస్తున్నాయి. హైదరాబాదులో రాసి వరంగల్లులో చదివే ఉత్తర్వుకు ఇవి చెల్లుతాయి, లండనుకో డాలస్‌కో పంపే దరఖాస్తుకు అక్కడి రూపాలే మేలు. చదివేవారికి అర్థం చెడనంతవరకు అది ప్రాంతీయ ముద్ర, అర్థం తారుమారైతే అది తప్పు అన్న గీత గీసుకోవచ్చు. ఆ గీత ప్రకారం ‘అప్‌లిఫ్ట్‌మెంట్’ నిలుస్తుంది, ‘కోప్ అప్ విత్’ అసహ్యంగానైనా బోధపడుతుంది, ‘రోజ్ బై 48 ఫీట్’ మాత్రం నిలవదు.

ఇంగ్లీషులో తప్పు దొర్లడమంటే పరువు పోవడమేనన్న భావం తెలుగు సమాజంలో బలంగా పాతుకుపోయినందువల్ల, పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులు ఒక తప్పుకు నలుగురూ నవ్వాక మళ్లీ నోరు విప్పని సందర్భాలు కళాశాలల్లో మామూలే. వారికి కావలసినది మరో నూరు నియమాల జాబితా కాదు; తమకు ముందే తెలిసిన దానిని కొత్త చోట ఎట్లా వాడుకోవాలో చూపించే బోధన. రైజ్, రెయిజ్ జంటను నేర్పే ఉపాధ్యాయుడు సకర్మకం, అకర్మకం అన్న పేర్లకు ముందు పెరుగు, పెంచు అన్న రెండు మాటలు బోర్డు మీద రాస్తే తరగతిలో వెనుక బెంచీ దాకా పాఠం చేరుతుంది. ‘టు’, ‘బై’ల తేడాకు ముందు ‘48 అడుగులకు’, ‘5 అడుగుల మేర’ అని రాస్తే లెక్క కూడా కలిసివస్తుంది. ఇంగ్లీషు మాధ్యమ తరగతి గదిలో తెలుగు వినిపించకూడదన్న నియమం కొన్ని పాఠశాలల్లో ఇంకా అమలవుతోంది. ఆ నియమం పిల్లల చేతిలో ఉన్న మంచి పనిముట్టును లాగేసుకోవడమే అవుతుంది. ఇంగ్లీషు బాగా రావాలని కోరుకునే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ముందుగా ఎత్తివేయించవలసినది ఆ నియమాన్నే.